యేసు సిలువ మరణం: దేవాలయంలో మొదలై గవర్నర్ దగ్గర ముగిసిన కేసు

గుడ్ ఫ్రైడే దగ్గర పడితే చాలు, ఒక పాత వాదన మళ్లీ మొదలవుతుంది. యేసును చంపింది యూదులా, రోమన్లా? ఆయన మీద మోపిన నేరం దేవదూషణా, రాజద్రోహమా? ఒక ప్రసంగంలో ఒక జవాబు వింటాం, యూట్యూబ్ డిబేట్‌లో దానికి పూర్తి వ్యతిరేకమైన జవాబు వింటాం. ఇద్దరూ చూపించేది బైబిలు వచనాలే కాబట్టి వినేవాళ్లకు గందరగోళం ఇంకా పెరుగుతుంది.

తెలుగు చర్చిల్లో ఆరాధన మధ్యలో చెప్పే విశ్వాస ప్రమాణాన్ని ఒకసారి గమనించండి. అందులో యేసు పేరు, ఆయన తల్లి మరియ పేరు కాక మరొక్క మనిషి పేరే ఉంటుంది. అది పొంతి పిలాతు పేరు. పేతురు లేడు, పౌలు లేడు, ఒక చిన్న రాష్ట్రాన్ని ఏలడానికి రోమ్ పంపిన గవర్నర్ ఉన్నాడు. ఈ శిక్ష ఫలానా కాలంలో, ఫలానా ప్రభుత్వం కింద అమలైందని తొలితరం క్రైస్తవులు గట్టిగా గుర్తుపెట్టుకున్నారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా అదే రాశాడు: తిబెరియు చక్రవర్తి పాలనలో పిలాతు చేతుల మీదుగా క్రీస్తుకు మరణశిక్ష పడిందని.

ముందుగా రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. యేసు ఎందుకు మరణించాడు అంటే క్రైస్తవ విశ్వాసం ఇచ్చే జవాబు మానవుల పాపాల కోసమని. ఇస్లాం ఆయన సిలువ మీద చనిపోనే లేదంటుంది. ఇవి విశ్వాసానికి సంబంధించిన విషయాలు. యేసును ఎవరు, ఏ నేరం మోపి, ఏ అధికారంతో చంపారు అన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి. మతమా, రాజకీయమా అని ఒకదాన్ని ఎంచుకోమంటే ఆనాటి యెరూషలేము అర్థం కాదన్నది నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ప్రధాన యాజకుడి వస్త్రాలు ఎవరి తాళం కింద ఉండేవి

క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేములోకి అడుగుపెట్టాడు. ఆ తర్వాత కొంతకాలానికి రోమ్ తన మనిషి హేరోదును యూదుల రాజుగా నిలబెట్టింది. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోతే రాజ్యాన్ని కొడుకులకు పంచారు. గలిలయ, పెరియ ప్రాంతాలు హేరోదు అంతిపకు వెళ్లాయి. యెరూషలేము ఉన్న యూదయ అర్కెలాయుకు దక్కింది కానీ, అతని పాలన భరించలేక జనం మొర పెట్టుకోవడంతో క్రీ.శ. 6లో రోమ్ అతన్ని తొలగించి యూదయను నేరుగా తన చేతుల్లోకి తీసుకుంది. అప్పటి నుంచి రోమన్ గవర్నర్ల పాలన. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు ఆ పదవిలో ఉన్నాడు. 1961లో కైసరయ శిథిలాల్లో అతని పేరు, హోదా చెక్కిన రాయి కూడా దొరికింది.

యేసు పెరిగిన గలిలయలో రోమన్ గవర్నర్ లేడు, అంతిప ఉన్నాడు. అక్కడ బోధించినంతకాలం ఆయన పిలాతు కంటికి ఆననే లేదు. యెరూషలేముకు వచ్చిన రోజే రోమ్ నేరుగా కాపలా కాసే చోటికి వచ్చినట్టు.

గవర్నర్ మామూలుగా సముద్రతీరంలోని కైసరయలో ఉండేవాడు. రోజువారీ వ్యవహారాలు, పన్నుల వసూలు, జనాన్ని అదుపులో పెట్టడం వంటివి ఎక్కువగా దేవాలయ పెద్దల చేతుల మీదుగా నడిచేవి. ఆ పెద్దలకు తలగా ప్రధాన యాజకుడు ఉండేవాడు. ఆ రోజుల్లో అతన్ని నియమించేదీ, దించేదీ రోమన్ గవర్నరే. హేరోదు కాలం నుంచి క్రీ.శ. 70లో దేవాలయం కూలేదాకా 28 మంది ఆ పదవిలో మారారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్క చెప్పాడు. అలాంటి కుర్చీలో కయప 18 నుంచి 36 దాకా కూర్చున్నాడు. పిలాతు ఉన్న పదేళ్లూ ప్రధాన యాజకుడు కయపే. ఇద్దరి మధ్య సర్దుబాటు లేకుండా అది సాధ్యం కాదు.

జోసీఫస్ ఇంకో సంగతి కూడా రాశాడు. ప్రధాన యాజకుడు ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లాలన్నా, పెద్ద పండుగల్లో సేవ చేయాలన్నా పవిత్ర వస్త్రాలు వేసుకోవాలి. ఆ వస్త్రాలు దేవాలయానికి ఆనుకుని ఉన్న అంతోనియా కోటలో, రోమన్ సైన్యం అధీనంలో ఉండేవి. పండుగకు ఏడు రోజుల ముందు బయటికి ఇచ్చేవారు, పండుగ అయిపోగానే వెనక్కి తీసుకునేవారు. దేవుడి ముందు నిలబడే మనిషి బట్టలు సైనికాధికారి చేతిలో ఉన్న చోట మతం ఎక్కడ ఆగి రాజకీయం ఎక్కడ మొదలవుతుందో ఎవరు గీత గీయగలరు?

మెస్సీయ అనడం నేరమా

మెస్సీయ అంటే నూనెతో అభిషేకం పొందినవాడు, గ్రీకులో అదే మాట క్రీస్తు. పాత నిబంధనలో రాజులకూ, యాజకులకూ అభిషేకం ఉంది. యెషయా గ్రంథంలో పారసీక చక్రవర్తి కోరెషును కూడా దేవుడు తన అభిషిక్తుడు అంటాడు. యేసు కాలానికి ఈ మాట చుట్టూ రకరకాల ఆశలు అల్లుకున్నాయి. దావీదు వంశంలో ఒక రాజు పుట్టి పరాయి పాలకులను యెరూషలేము నుంచి వెళ్లగొడతాడని కొందరు ఎదురుచూశారు. మృత సముద్రం దగ్గర దొరికిన చుట్టల్లో ఇద్దరు అభిషిక్తుల ప్రస్తావన ఉంది, ఒకరు యాజక వంశం నుంచి, ఇంకొకరు రాజు. అందరూ ఒప్పుకున్న ఒకే చిత్రం అంటూ లేదు.

కాబట్టి తాను మెస్సీయనని ఎవరైనా అంటే అది దానంతట అదే యూదు ధర్మశాస్త్రం ప్రకారం నేరం కాదు. దీనికి మంచి రుజువు ఉంది. యేసు తర్వాత వంద సంవత్సరాలకు, 132లో, బర్ కోఖ్బా రోమ్ మీద తిరగబడ్డాడు. రబ్బీ అకీబా అంతటి పండితుడు అతన్ని మెస్సీయ అన్నాడు. మిగతా పండితుల్లో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు కానీ, ఇది దేవదూషణ అని ఆచారం ప్రకారం ఎవరూ వస్త్రాలు చింపుకోలేదు.

రోమ్ దృష్టిలో మాత్రం సంగతి వేరు. ఎవరు రాజో తేల్చేది రోమ్. హేరోదుకు రాజు బిరుదు ఇచ్చింది రోమన్ సెనేట్. అతని కొడుకు అర్కెలాయుకు ఆ బిరుదు ఇవ్వలేదు. అంతిపకైతే చతుర్థాధిపతి అన్న చిన్న హోదాతో సరిపెట్టారు. అదే అంతిప 39లో భార్య హేరోదియ పోరు పడలేక తనకూ రాజు బిరుదు కావాలని రోమ్‌కు వెళ్లాడు. బిరుదు రాకపోగా ఉన్న పదవి ఊడింది, గౌలు దేశానికి దేశబహిష్కారం పడింది. నలభై ఏళ్లు రోమ్‌కు నమ్మకంగా పనిచేసిన మనిషి గతే అది. ఇక గలిలయ నుంచి వచ్చిన ఒక వడ్రంగి కొడుకు వెనక జనం నడుస్తూ రాజు రాజు అంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఊహించాల్సిన పని కూడా లేదు. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోగానే దేశంలో ముగ్గురు కిరీటం కోసం లేచారు: హేరోదు దగ్గర బానిసగా ఉన్న సీమోను, అత్రొంగ అనే గొర్రెల కాపరి, గలిలయవాడైన యూదా. ఈ యూదా సెప్ఫోరిస్ పట్టణంలోని ఆయుధాగారాన్ని కొల్లగొట్టాడు. సిరియా నుంచి వచ్చిన రోమన్ సేనాని వరు ఆ పట్టణాన్ని తగలబెట్టి, యూదయలో సుమారు 2000 మందిని సిలువ వేయించాడు. సెప్ఫోరిస్ నుంచి నజరేతుకు ఆరు కిలోమీటర్ల దూరం. యేసు బాల్యంలో ఆ ఊరి పెద్దలకు ఆ మంటలు, ఆ సిలువలు ఇంకా గుర్తుండే ఉంటాయి.

ఒకే హత్య, రెండు వివరణలు: బాప్తిస్మమిచ్చు యోహాను

మత కారణం, రాజకీయ కారణం ఎలా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయో చూడాలంటే యేసు కేసుకు ముందు జరిగిన ఇంకో కేసు చూడాలి. బాప్తిస్మమిచ్చు యోహానును అంతిప చంపించాడు. ఎందుకు? అంతిప తన సోదరుడి భార్య హేరోదియను పెళ్లాడటం ధర్మశాస్త్రానికి విరుద్ధమని యోహాను తప్పుబట్టాడని సువార్తలు చెబుతాయి. జోసీఫస్ కూడా ఇదే హత్య గురించి రాశాడు కానీ కారణం వేరే చెప్పాడు. యోహాను మాట వినడానికి జనం పోగవుతున్నారు, ఆయన చెబితే ఏదైనా చేసేలా ఉన్నారు, తిరుగుబాటు వచ్చాక బాధపడేకంటే ముందే అడ్డు తొలగించుకోవడం మేలని అంతిప అనుకున్నాడట. మాకేరు కోటలో చంపించాడు.

ఈ రెండు కథనాల్లో ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం కానక్కర్లేదు. పాలకుడి పెళ్లి అధర్మమని వేల మంది ముందు ఒక ప్రవక్త చెబితే అది ధర్మోపదేశమే. ఆ పాలకుడి సింహాసనం కింద మంట పెట్టడం కూడా అదే. యోహాను ఆయుధం పట్టాడని జోసీఫస్ ఎక్కడా అనలేదు. జనం గుమిగూడితే చాలు, ఆనాటి పాలకులకు అదే ప్రమాదం.

పస్కా వారంలో గాడిద, తిరగబడ్డ బల్లలు

పస్కా అంటే ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన రోజు గుర్తుగా చేసుకునే పండుగ. పరాయి రాజు చెర నుంచి దేవుడు తన జనాన్ని విడిపించిన కథను, పరాయి సైన్యం కాపలా కాస్తుండగా, లక్షలాది యాత్రికులు ఒకేచోట చేరి చెప్పుకుంటారు. ఎంత టెన్షన్ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పండుగలప్పుడు గవర్నర్ స్వయంగా కైసరయ నుంచి బలగాలతో వచ్చేవాడు. దేవాలయం చుట్టూ ఉన్న మంటపాల కప్పుల మీద సైనికులు ఆయుధాలతో నిలబడి బందోబస్తు చేసేవారు. కుమాను గవర్నర్‌గా ఉన్నప్పుడు, అంటే పిలాతు తర్వాత ఓ పదిహేనేళ్లకు, అలా కప్పు మీద నిలబడ్డ ఒక సైనికుడు కిందున్న జనానికి అసభ్యంగా సైగ చేశాడు. ఆ గొడవలో, తొక్కిసలాటలో వేల మంది చచ్చారని జోసీఫస్ రాశాడు.

అలాంటి వారంలో యేసు గాడిద మీద ఊళ్లోకి వచ్చాడు. జనం మట్టలు పరిచి హోసన్నా అని కేకలు వేశారు. యాత్రికులకు ఆ దృశ్యం జెకర్యా ప్రవచనంలోని రాజును గుర్తు చేసింది: దీనుడై గాడిద నెక్కి వచ్చే రాజు. యుద్ధగుర్రం కాదు కదా, ఇందులో భయపడేదేముంది అనొచ్చు. రోమన్ అధికారికి జెకర్యా తెలియకపోవచ్చు, రాజు అన్న కేక మాత్రం తెలుస్తుంది. కయపకు రెండూ తెలుసు.

రెండో ఘట్టం దేవాలయంలో జరిగింది. ప్రతి యూదు పురుషుడూ ఏటా అర షెకెలు దేవాలయ పన్ను కట్టాలి. అది తూరు పట్టణంలో ముద్రించిన వెండి నాణెంలోనే కట్టాలి, ఎందుకంటే అందులో వెండి స్వచ్ఛంగా ఉండేది. ఆ నాణెం మీద ఉన్న బొమ్మ తూరువాళ్ల దేవుడిది, అయినా సరే. దూరదేశాల నుంచి వచ్చిన యాత్రికులు తమ ఊరి నాణేలు ఇచ్చి, కొంత కమిషన్ పోగొట్టుకుని, ఈ నాణేలు తీసుకునేవారు. పేదవాళ్లు బలికి పావురాలు కొనేవారు. ఇదంతా దేవాలయ బయటి ఆవరణలో జరిగేది. యేసు ఆ రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు, పావురాలు అమ్మేవాళ్ల పీటలు తోసేశాడు. ప్రార్థన మందిరాన్ని దొంగల గుహ చేశారన్నాడు. దొంగల గుహ అన్న మాట యిర్మీయాది. ఆ ప్రవక్త ఆ మాట అన్నది మొదటి దేవాలయం కూలిపోతుందని హెచ్చరించే సందర్భంలో. అది తెలిసిన యాజకులకు యేసు వ్యాపారం గురించి మాత్రమే మాట్లాడటం లేదని అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక అనుమానం సహజం. అంత గొడవ చేస్తే అక్కడికక్కడే ఎందుకు పట్టుకోలేదు? ఆ ఆవరణ చాలా పెద్దది. కొన్ని బల్లలు తిరగబడినంత మాత్రాన కప్పు మీది సైనికుల దృష్టికి వచ్చి ఉండకపోవచ్చు. ప్రవక్తలు పూర్వం కుండ పగలగొట్టినట్టు, కాడి మెడలో వేసుకున్నట్టు ఇదీ ఒక సూచన చర్య అని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. సువార్తలు మాత్రం ఇంకో కారణం చెబుతాయి. జనానికి భయపడి పెద్దలు ఆయన్ను పగలు పట్టుకోలేకపోయారట. రాత్రిపూట గెత్సేమనే తోటలో బంధించడం దానికి సరిపోతుంది.

కయప ముందు ఏ మాటకు వస్త్రాలు చిరిగాయి

మార్కు సువార్త ప్రకారం విచారణ దేవాలయం గురించే మొదలైంది. ఈ దేవాలయాన్ని పడగొడతానన్నాడని సాక్షులు చెప్పారు కానీ వాళ్ల మాటలు ఒకదానికొకటి పొసగలేదు. అప్పుడు కయప సూటిగా అడిగాడు: నువ్వు క్రీస్తువా, పరమాత్ముని కుమారుడివా? యేసు అవునన్నాడు. అంతటితో ఆగలేదు. మనుష్యకుమారుడు (తన గురించి ఆయన వాడే మాట) దేవుని కుడిపక్క కూర్చుని ఉండటం, ఆకాశ మేఘాల మీద రావడం మీరే చూస్తారన్నాడు. ప్రధాన యాజకుడు బట్టలు చింపుకుని దేవదూషణ అన్నాడు.

మెస్సీయ అనడం నేరం కాకపోతే కోపం దేనికి? రెండో వాక్యంలో ఉంది కిటుకు. అది దానియేలు గ్రంథాన్ని, 110వ కీర్తనను కలిపి చెప్పిన మాట. దేవుని పక్కన సింహాసనం మీద కూర్చునే హక్కు నాది అంటున్నాడు, తీర్పు తీర్చడానికి వస్తానంటున్నాడు. అంటే ఇప్పుడు తనకు తీర్పు చెబుతున్న వాళ్లే రేపు తన ముందు నిలబడతారని. కయప చెవికి ఇది దేవుని మహిమలో వాటా అడగడంలానూ, దేవుని పేరుతో నడిచే తన అధికారాన్ని ధిక్కరించడంలానూ వినిపించి ఉంటుంది.

దీనికి ఎదురు వాదం కూడా బలంగానే ఉంది. యూదుల ధర్మనియమాల సంకలనమైన మిష్నా ప్రకారం దేవుని నామాన్ని ఉచ్చరిస్తేనే దేవదూషణ. యేసు ఆ నామం పలకలేదు. మరణశిక్ష కేసు రాత్రి విచారించకూడదు, పండుగ ముందురోజు విచారించకూడదు, దోషి అన్న తీర్పు అదే రోజు ఇవ్వకూడదు. మార్కు వర్ణించిన విచారణ ఈ నియమాలన్నిటినీ తుంగలో తొక్కింది. కాబట్టి అలాంటి విచారణ జరగనే లేదని కొందరంటారు. అయితే మిష్నాను గ్రంథస్థం చేసింది దాదాపు 200లో. అందులోని నియమాలు కయప కాలంలో అమల్లో ఉన్నాయనడానికి ఆధారం గట్టిది కాదు. పైగా యోహాను సువార్తలో మహాసభ, అంటే యూదు పెద్దల న్యాయసభ, జరిపిన విచారణే లేదు. పూర్వ ప్రధాన యాజకుడు, కయపకు మామ, అన్న అనే పేరుగలవాడి ఇంట్లో కొన్ని ప్రశ్నలు, తర్వాత కయప ఇంటికి, అక్కడి నుంచి పిలాతు దగ్గరికి. అది కోర్టు విచారణ కన్నా, గవర్నర్ ముందు కేసు పెట్టేముందు జరిపిన ఇంటరాగేషన్‌లా ఉంటుంది. నాకైతే ఈ చిత్రమే నమ్మదగినదిగా తోస్తుంది.

ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గం పరిసయ్యుల గురించి ఒక మాట. మన ప్రసంగాల్లో యేసు మరణానికి పరిసయ్యులే ముద్దాయిలు. విశ్రాంతి దినం మీద, చేతులు కడుక్కోవడం మీద వాళ్లతో వాదించాడు కాబట్టి చంపారంటారు. పరిసయ్యులు ఆలోచన చేశారని మార్కు మొదట్లో ఒకచోట రాశాడు, నిజమే. కానీ అరెస్టు నుంచి సిలువ దాకా మొదటి మూడు సువార్తల్లో వాళ్లు దాదాపు కనిపించరు. అక్కడ ఉన్నది ప్రధాన యాజకులు, పెద్దలు, శాస్త్రులు. హేరోదు నిన్ను చంపాలనుకుంటున్నాడు, ఇక్కడి నుంచి వెళ్లిపో అని యేసును హెచ్చరించింది కూడా లూకాలో పరిసయ్యులే. ఆచారాల మీద అలాంటి వాదనలు హిల్లెల్, షమ్మయి అనే ఇద్దరు యూదు గురువుల శిష్యుల మధ్య నిత్యం జరిగేవి. వాటికి ఎవరూ ఎవరినీ సిలువ వేయించలేదు.

పిలాతు బల్ల మీదికి చేరేసరికి మారిన అభియోగం

రోమన్ గవర్నర్‌కు యూదుల దేవదూషణతో పనిలేదు. కాబట్టి కేసును అతనికి అర్థమయ్యే భాషలో పెట్టాలి. లూకా సువార్తలో ఆ అభియోగ పత్రం స్పష్టంగా ఉంది: ఇతను జనాన్ని తిరగబెడుతున్నాడు, కైసరుకు పన్ను కట్టొద్దంటున్నాడు, తానే క్రీస్తనే రాజునంటున్నాడు. మూడూ రోమ్‌కు తగిలేవే. రెండోది అబద్ధమని లూకా చదివినవాళ్లకు తెలుసు, ఎందుకంటే కైసరువి కైసరుకు ఇవ్వమని కొన్ని అధ్యాయాల ముందే యేసు అన్నాడు. మూడోదే కేసును నిలబెట్టింది. సిలువ మీద తగిలించిన పలకలో రాసిన నేరం కూడా అదే: యూదుల రాజు. క్రైస్తవులు తమంతట తాము ఆ మాటను కల్పించి ఉండరని చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. వాళ్లు ఆయన్ను ప్రభువు అన్నారు, క్రీస్తు అన్నారు, యూదుల రాజు అని పిలుచుకోవడం అలవాటు కాదు.

శిక్ష రకం కూడా సాక్ష్యమే. ధర్మశాస్త్రంలో దేవదూషణకు శిక్ష రాళ్లతో కొట్టి చంపడం. సిలువ రోమ్ శిక్ష, ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదార్లకూ. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణచాక క్రీ.పూ. 71లో 6000 మందిని అప్పియన్ రోడ్డు పొడవునా సిలువ వేశారు. చూసేవాళ్లకు వణుకు పుట్టాలన్నదే దాని ఉద్దేశం.

మరి మహాసభకే మరణశిక్ష వేసే అధికారం ఉంటే రాళ్లతో కొట్టేవాళ్లు కదా? మాకు ఎవరినీ చంపే అధికారం లేదని వాళ్లు పిలాతుతో అన్నట్టు యోహాను సువార్త చెబుతుంది. రోమ్ రాష్ట్రాల్లో ఆ అధికారం గవర్నర్‌దేనన్న సాధారణ పద్ధతికి ఇది సరిపోతుంది. అయితే తొలి క్రైస్తవుల్లో ఒకడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు. పరాయివాడు దేవాలయం లోపలి కంచె దాటితే తన చావుకు తానే బాధ్యుడని హెచ్చరించే గ్రీకు శాసనం 1871లో దొరికింది. అంటే కొన్ని విషయాల్లో మినహాయింపు ఉన్నట్టుంది. ఈ చర్చ ఇంకా తెగలేదు.

పిలాతు మంచివాడు, జనం ఒత్తిడికి లొంగిపోయాడు అన్న చిత్రం మరో చిక్కు. సువార్తల్లో అతను తటపటాయిస్తాడు, మత్తయిలో చేతులు కడుక్కుంటాడు. బయటి సాక్షులు చూపే పిలాతు వేరు. లంచాలు, దౌర్జన్యం, విచారణ లేని మరణశిక్షలు అంటూ అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫైలో అతని పాలనను వర్ణించాడు. దేవాలయ సొమ్ముతో నీటి కాలువ కట్టించినందుకు జనం గోల చేస్తే, సైనికులకు మామూలు బట్టలు తొడిగి దుడ్డుకర్రలు దాచిపెట్టించి జనంలో కలిపి కొట్టించాడని జోసీఫస్ రాశాడు. చివరికి సమరయుల మీద జరిపిన ఊచకోత వల్లనే 36లో పదవి పోగొట్టుకున్నాడు. కానీ అంతకుముందు ఒకసారి, యెరూషలేములోకి తెచ్చిన సైనిక ధ్వజాల మీద చక్రవర్తి బొమ్మలున్నాయని జనం మెడలు చాచి చంపుకోమంటే అతనే వెనక్కి తగ్గాడు. కాబట్టి ఒత్తిడికి లొంగడం అతనికి అసాధ్యమనీ అనలేం. సువార్తలు రాసిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. అవి సుమారు 70 నుంచి 100 మధ్య, రోమ్ యెరూషలేమును నేలమట్టం చేసిన ఆ దశాబ్దాల్లో వచ్చాయి. రోమన్ సామ్రాజ్యంలో బతకాల్సిన క్రైస్తవులకు, మా గురువుకు శిక్ష వేసిన గవర్నరే ఆయన నిర్దోషి అన్నాడని చెప్పుకోవడం అవసరం.

అదే పేరున్న ఇంకో మనిషి ఎందుకు బతికాడు

ఈ కేసును పోల్చి చూడటానికి జోసీఫస్ అపురూపమైన ఉదాహరణ ఇచ్చాడు. 62లో పర్ణశాలల పండుగకు ఒక పల్లెటూరి రైతు యెరూషలేము వచ్చాడు. అతని పేరు కూడా యేసే, అననీయ కొడుకు. దేవాలయానికి శ్రమ, యెరూషలేముకు శ్రమ అని సందుల్లో కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. ఊరి పెద్దలు పట్టుకుని కొట్టారు, ఆపలేదు. రోమన్ గవర్నర్ అల్బిను దగ్గరికి ఈడ్చుకెళ్లారు. ఎముకలు బయటపడేలా కొరడాలతో కొట్టించారు. ప్రతి దెబ్బకూ అదే కేక. ఎవరివి, ఎక్కడివాడివి అని అడిగితే జవాబు లేదు. పిచ్చివాడని గవర్నర్ వదిలేశాడు.

రెండు కేసులూ పక్కపక్కన పెట్టండి. దేవాలయం నాశనం గురించిన మాటలు రెండిట్లోనూ ఉన్నాయి. పట్టుకుని రోమ్‌కు అప్పగించింది రెండుసార్లూ ఊరి పెద్దలే, కొరడా దెబ్బలు రెండిట్లోనూ ఉన్నాయి. కానీ ఈ రెండో యేసు వెనక శిష్యులు లేరు, జనం లేరు, రాజు అన్న కేక లేదు. అతను విడుదలయ్యాడు. ఈ పోలిక చూశాక నాకు అనిపించేది ఇది: దేవాలయం గురించిన మాటలు యాజకుల చేత పట్టించాయి, రాజు అన్న పిలుపు గవర్నర్ చేత చంపించింది.

ఆయుధాల వాదన, ఒంటరి సిలువ

యేసు నిజంగానే సాయుధ తిరుగుబాటు నాయకుడని, సువార్తలు దాన్ని కప్పిపుచ్చాయని కొందరు వాదిస్తారు. శిష్యుల్లో జెలోతే (తర్వాత రోమ్ మీద తిరగబడ్డ వర్గం పేరు అదే) అనబడే సీమోను ఉన్నాడు, గెత్సేమనేలో కత్తి దూశారు, యేసుకు బదులు విడుదలైన బరబ్బ, ఒక కలహంలో హత్య చేసినవాళ్లతో పాటు జైల్లో ఉన్నాడని మార్కు రాశాడు కాబట్టి ఊళ్లో అప్పుడే ఏదో అలజడి జరిగింది అంటారు. కాదనలేని వివరాలే.

ఈ వాదానికి గట్టి అడ్డంకి ఒకటుంది. శిష్యులను ఎవరూ పట్టుకోలేదు. సాయుధ దళం అనుకుంటే రోమ్ నాయకుడితో పాటు అనుచరులనూ ఏరేసేది, వరు చేసింది అదే. ఇక్కడ ఒక్కణ్నే చంపి, మిగతావాళ్లను వదిలేశారు. ఆ శిష్యులు తర్వాత అదే యెరూషలేములో చాలా ఏళ్లు బహిరంగంగా బోధించారు. అంటే యేసు దగ్గర సైన్యం లేదని పిలాతుకూ, కయపకూ తెలుసు. వాళ్ల భయం యేసు చుట్టూ మూగిన పండుగ జనం గురించి. నువ్వు రాజన్న మనిషి గతి ఇది అని ఆ జనానికి చూపించాలంటే పండుగ రద్దీలో, ఊరి వాకిట, అందరూ చదివేలా పలక పెట్టి సిలువ వేయడమే మార్గం. యోహాను సువార్తలో కయప చెప్పిన లెక్క కూడా దీనికి దగ్గరే. ఇతన్ని ఇలాగే వదిలేస్తే రోమన్లు వచ్చి మన స్థలాన్నీ జనాన్నీ తుడిచిపెడతారని మిగతావాళ్లు కంగారు పడితే, జనమంతా నశించేకంటే ఒక్క మనిషి చావడం మేలన్నాడు. దుర్మార్గమైన లెక్కే. కానీ 70లో రోమన్లు నిజంగానే వచ్చి ఆ స్థలాన్ని తుడిచిపెట్టారు కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదని ఒప్పుకోవాలి.

యోహాను సువార్త కాలక్రమం ఇక్కడ ఇబ్బంది పెడుతుందని కూడా చెప్పాలి. బల్లలు పడదోసిన ఘటనను అతను యేసు పరిచర్య మొదట్లోనే పెట్టాడు, చివర్లో మరణానికి దారితీసింది చనిపోయిన లాజరును బతికించడమంటాడు. అయితే అక్కడ కూడా పెద్దల బాధ, అందరూ అతన్ని నమ్మేస్తున్నారనే.

నింద మొత్తం జాతి మీద ఎలా పడింది

కొద్దిమంది దేవాలయ పెద్దలు, ఒక రోమన్ గవర్నర్, అతని సైనికులు కలిసి చేసిన పని యూదులు యేసును చంపారు అనే మూడు మాటల్లోకి కుదించుకుపోయింది. మత్తయి సువార్తలో ఇతని రక్తం మా మీద, మా పిల్లల మీద అని జనం అరిచిన ఒక్క వాక్యాన్ని శతాబ్దాల పాటు శాపంలా చదివారు. 1096లో మొదటి క్రూసేడుకు బయల్దేరిన మూకలు రైన్ నది ఒడ్డున మైన్జ్, వర్మ్స్ పట్టణాల్లో యూదు కుటుంబాలను ఊచకోత కోశాయి. పిలాతుకు మాత్రం ఇథియోపియా చర్చి పరిశుద్ధుల్లో చోటు దక్కింది. అప్పటి యూదులందరి మీదా, నేటి యూదుల మీదా ఈ నేరం మోపకూడదని కేథలిక్ చర్చి అధికారికంగా ప్రకటించడానికి 1965లో రెండో వాటికన్ మహాసభ దాకా పట్టింది. తాము యూదులమని చెప్పుకునే చిన్న సమాజం మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కూడా ఉంది. ప్రసంగ వేదిక మీద ఆ మూడు మాటలు అలవోకగా అనేసే ముందు అవి ఎవరెవరి మీద పడతాయో ఆలోచించడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

యూదులు అంటే ఒక్క గొంతు కాదని చూపే ఉదాహరణ యేసు సొంత ఇంట్లోనే ఉంది. 62లో గవర్నర్ ఫేస్తు పదవిలో ఉండగానే చనిపోయాడు, కొత్త గవర్నర్ అల్బిను ఇంకా దారిలో ఉన్నాడు. అప్పటి ప్రధాన యాజకుడు కయపకు మామ అయిన ఆ అన్న కొడుకే, అతని పేరూ అన్నే. రోమ్ కుర్చీ ఖాళీగా ఉన్న ఆ సందు చూసుకుని మహాసభను కూర్చోబెట్టి, యేసు సోదరుడైన యాకోబును, ఇంకొందరినీ ధర్మశాస్త్రం మీరారంటూ రాళ్లతో కొట్టించి చంపించాడు. ఊళ్లో ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదులకే ఇది అన్యాయమనిపించింది. వాళ్లు రహస్యంగా హేరోదు వంశీయుడైన రెండో అగ్రిప్ప రాజుకు మొరపెట్టుకున్నారు. ప్రధాన యాజకుణ్ని నియమించే అధికారం అప్పటికి రోమ్ అతనికి ఇచ్చింది. కొందరైతే అలెగ్జాండ్రియా నుంచి వస్తున్న అల్బినుకు ఎదురెళ్లి, మీ అనుమతి లేకుండా మహాసభను కూర్చోబెట్టే అధికారం ఇతనికి లేదని ఫిర్యాదు చేశారు. అల్బిను కోపంగా ఉత్తరం రాశాడు. అగ్రిప్ప ఆ ప్రధాన యాజకుణ్ని పదవి నుంచి దించేశాడు. అప్పటికి అతను ఆ పదవిలోకి వచ్చి మూడు నెలలే.